విడిపోని కట్లెట్

మళ్ళీ విడిపోయింది. అట్లకాడ కిందికి దూర్చి ఇలా తిప్పాడో లేదో, అప్పటిదాకా బుద్ధిగా గుండ్రంగా కూర్చున్న కట్లెట్ కాస్తా రెండు చెక్కలై, ఆ చెక్కలు ముక్కలై, ఆఖరికి పెనం నిండా దుంప పొడి, బఠాణీలు, మాడిన కారెట్ తురుము మిగిలాయి. పళ్ళాయన అట్లకాడని గట్టు మీద టప్పున కొట్టాడు. పక్కనున్న గరిటె ఎగిరి సింకులో పడింది. దాని ఖర్మ.

పళ్ళాయన అంటే తోపుడుబండి మీద పళ్ళమ్మేవాడు అనుకునేరు. కాదు. నోట్లో పళ్ళు. పళ్ళ డాక్టరు గారి ఆస్పత్రి వెనక గదిలో కూర్చుని, ఆయన తీసిన కొలతల ప్రకారం కట్టుడు పళ్ళ సెట్లు చేస్తాడు. ఆ వీధిలో సగం మంది నవ్వు ఇతగాడి చేతి చలవే. అందుకే ఆ పేరు స్థిరపడిపోయింది. ఆయనకీ లోలోపల ఇష్టమే. పని అంటే ప్రాణం పెడతాడు, మాటంటే మాత్రం పడడు. సెట్టు కొంచెం వదులుగా ఉంది బాబూ అని ఎవరైనా అంటే చాలు, ముక్కు మీదికి కోపం వచ్చేస్తుంది. అయినా పని మాత్రం సరిచేసి ఇస్తాడు. అది ఆయనలోని మంచి గుణం, దాన్ని కాదనకూడదు.

అలాంటి మనిషి పొద్దున్నే లుంగీ ఎగ్గట్టుకుని వంటింట్లో పెనంతో కుస్తీ పట్టడానికి కారణం వాళ్ళమ్మ. ఆవిడ తినడం మానేసింది. ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా. అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం జరిపేస్తోంది. బ్రెడ్డు ఇస్తే వద్దంటోంది. బిస్కట్టు చూస్తేనే మొహం తిప్పేసుకుంటోంది. ఎందుకమ్మా అంటే ఒకటే మాట, పొడిపొడిగా ఉన్నవన్నీ పళ్ళ కిందికి దూరుతున్నాయిరా, గుచ్చుకుంటున్నాయి అని. పోనీ జావ కాచి ఇస్తానంటే, జావ తాగి బతికేంత రోగం నాకేం రాలేదు అని కస్సుమంది. ఆ ముక్కు మీద కోపం ఎవరి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందిగా.

పోయిన ఆదివారం అక్క వచ్చింది. పళ్ళాయనకి ఒక్కతే అక్క, ఊరికి ఆ చివర ఉంటుంది. గుమ్మంలోనే తల్లిని ఎగాదిగా చూసింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. అక్క కుర్చీలో కూడా కూర్చోలేదు. వచ్చే ఆదివారం వస్తాను, నా కళ్ళ ముందు ఆవిడ కడుపునిండా తింటే సరే, లేకపోతే నాతో తీసుకెళ్ళిపోతాను, ఇక్కడ మాడ్చి చంపుతుంటే చూస్తూ ఊరుకోను అనేసింది. మాడ్చి చంపడం! ఆ మాట పళ్ళాయన గుండెల్లో ముల్లులా దిగింది. అమ్మ లేని ఇల్లు ఆయనకి ఊహకి కూడా అందదు. పొద్దున లేవగానే ఆవిడ గదిలోకి తొంగి చూడందే చెప్పులేసుకోడు.

భార్య డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతుంది. తెల్లారకుండానే వెళ్ళాలి. ముక్కూమొహం తెలీనివాళ్ళు బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కినా చిరునవ్వుతో ఊరుకుంటుంది గానీ, మొగుడి దగ్గర ఆ ఓపిక సగం కూడా ఉండదు. ఆవిడ మొదట్లోనే అంది, అత్తయ్యగారి సెట్టు ఒకసారి తీసి చూడకూడదా అని. అంతే, పళ్ళాయన అంతెత్తున లేచాడు. తను చేసిన వాటన్నిటిలోకీ అది నంబర్ వన్ సెట్టు. డాక్టరు గారే అద్దాల్లోంచి చూసి శెభాష్ అన్నారు. ఇంటికి ఎవరొచ్చినా ఏదీ అమ్మా, ఒక్కసారి నవ్వు అని నవ్వించి మరీ చూపిస్తాడు. ఆస్పత్రికి వచ్చిన కొత్తవాళ్ళకి కూడా ఆవిడని తీసుకెళ్ళి చూపించాడు రెండు మూడుసార్లు. పళ్ళంటే ఇలా ఉండాలి అని. ఆ సెట్టుకి వంక పెట్టడమా? తప్పు తిండిలో ఉంది. పొడైపోని తిండి, మెత్తగా ఉండి కూడా విడిపోని తిండి చేసి పెడితే ఆవిడే తింటుంది. భార్య సరే మీ ఇష్టం అంది. ఆవిడ నోటి నుంచి ఆ మూడు ముక్కలు వచ్చాయంటే దాని అర్థం పెళ్ళైన ప్రతి మగాడికీ తెలుసు.

అలా మొదలైంది కట్లెట్ల కథ. అమ్మకి కట్లెట్ అంటే ఒకప్పుడు ఇష్టం. పైన కరకర, లోపల వెన్న. నమలక్కర్లేదు, నాలుకతో అణిస్తే చాలు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాడు.

అనుకోవడం తేలికే. మొదటిరోజు ఉడికిన దుంపలు వేడివేడిగా మెదిపి, పచ్చి కారెట్ తురిమి, బఠాణీలు కలిపి బిళ్ళలు చేశాడు. పెనం మీద వేయగానే చెరువైపోయింది. రెండోరోజు ఒళ్ళుమండి గుప్పెళ్ళతో మైదా కలిపి కసి కొద్దీ పిసికాడు. విడిపోలేదు, నిజమే. కానీ కింద పడితే బంతిలా ఎగిరేలా వచ్చింది. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి, కొంగు చాటున ఉమ్మేసింది. చూడనట్టు నటించాడు గానీ కళ్ళు మండాయి. గుడ్డు వేస్తే ఏ గొడవా ఉండదని తెలుసు, కానీ ఆ వాసన ఆవిడకి సయించదు, కడుపులో తిప్పుతుందంటుంది. మూడోసారి బ్రెడ్ పొడి దండిగా వేశాడు. అది ఉన్న నూనెంతా తాగేసి జిడ్డోడుతూ కూర్చుంది.

పని దగ్గర ఇదే మనిషి ఎంత నిక్కచ్చో చూడాలి. కట్టుడు చిగుళ్ళకి వాడే గులాబీ రంగు పొడిలో ద్రవం చుక్క ఎక్కువ పడనివ్వడు. కలిపిన ముద్ద ముందు ఇసకలా ఉంటుంది, తర్వాత తీగలు సాగుతుంది, ఆ తర్వాత చేతికి అంటుకోని పిండిముద్దలా తయారవుతుంది. అప్పుడే అచ్చులో పెట్టాలి, ముందూ కాదు వెనకా కాదు. ఇవన్నీ తెలిసినవాడు ఒక దుంప ముద్దని లొంగదీసుకోలేకపోతున్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి అభిమానం చంపుకుని వీధి మలుపులో బేకరీ ఆయన దగ్గరికి వెళ్ళాడు. బేకరీ ఆయన పై పళ్ళూ కింది పళ్ళూ కూడా ఇతను చేసినవే, కాబట్టి చెప్పక తప్పదు. ఆయన బల్ల మీద పిండి దులుపుకుంటూ పెద్ద క్లాసే పీకాడు. దుంపలోనే పిండి ఉంది, అదే మొదటి బంక. నువ్వు ముక్కలు కోసి నీళ్ళలో ఉడికించి దాన్ని నానబెట్టేశావు, ఇంక పట్టు ఎక్కడిది? తొక్కతోటే ఉడికించు, ఆవిరంతా పోయి చల్లారాక మెదుపు. కారెట్ తురుము పచ్చిగా వేశావంటే సెగ తగలగానే నీళ్ళు వదులుతుంది, ముందే వేయించి తడి లాగెయ్. బఠాణీ చిదుము, గుండ్రంగా వదిలేస్తే అక్కడే పగులుతుంది. గుడ్డయితే సెగకి గట్టిపడి అన్నిటినీ పట్టుకుంటుంది. అది వద్దంటున్నావు కాబట్టి కార్న్‌ఫ్లోర్. అది తడి పీల్చుకుని, సెగకి ఉబ్బి, జిగురవుతుంది. పచ్చిగా ఉంటే మాత్రం వట్టి సుద్దే, సెగ తగిలితేనే దాని పనితనం. మిగిలిన తడికి బ్రెడ్ పొడి చిటికెడు, దండిగా కాదు. మైదాని పిసికావంటే సాగుతుంది, దాన్ని మర్చిపో. చేసిన బిళ్ళల్ని ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి అప్పుడు వేయించు. తొందరపడి తిప్పకు, అడుగు కాలి అదే పెనాన్ని వదిలే దాకా ఆగు.

ఇంతా చెప్పి, దుంపలు నమిలే పళ్ళు మంచివైతే ఇంత తంటా ఎందుకో అని నవ్వాడు. పళ్ళాయనకి చిర్రెత్తుకొచ్చింది గానీ కార్న్‌ఫ్లోర్ పొట్లం తీసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి అమ్మ ముందు కూర్చుని అదంతా పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. మధ్యలో సెగ సంగతి మింగేశాడో, ఆవిడ వినలేదో గానీ, కార్న్‌ఫ్లోర్ ఉంటే దేన్నైనా పట్టి ఉంచుతుందమ్మా, నీకింక ఏ బాధా ఉండదు అన్న ముక్క మాత్రం ఆవిడ శ్రద్ధగా వింది. తల కూడా ఊపింది. పిండి తెచ్చి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పొయ్యి పైన అరలో పెట్టాడు.

ఇక్కడ మొదలైంది కొత్త తలనొప్పి. డబ్బా తగ్గిపోతోంది. పొద్దున మెడ దాకా ఉన్న పిండి సాయంత్రానికి దిగిపోతోంది. ఎలకలా అంటే మూత పెట్టే ఉంది. చీమలు కార్న్‌ఫ్లోర్ తినగా ఎవరూ చూడలేదు. ఇంక మిగిలింది భార్య. నా పిండి ఏం చేస్తున్నావని అడిగాడు. ఆవిడ అప్పుడే ఎండలో తిరిగి వచ్చింది. ఒక అబ్బాయి కారుని గోడకి ఆనించి మరీ ఆపాడట ఆరోజు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు విసిరి, అవునండీ, మొహానికి రాసుకుని కార్లు నేర్పుతున్నాను అంది. తర్వాత ఆ పూటంతా వంటింట్లో గిన్నెలే మోగాయి. అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏదో అనబోయి, తలొంచుకుని గదిలోకి వెళ్ళిపోయింది. దాన్ని పళ్ళాయన పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది.

శనివారం కట్లెట్ ఎందుకు విడిపోయిందంటే, డబ్బా అడుగున గీకినా చెంచాడు పిండి రాలేదు కాబట్టి. మొదట్లో గరిటె ఎగిరి సింకులో పడింది చూశారే, అది ఆ రోజే. అన్నీ బేకరీ ఆయన చెప్పినట్టే చేశాడు, తొక్కతో ఉడికించాడు, చల్లార్చాడు, కారెట్ వేయించాడు. తీరా కలిపే వేళకి పిండి లేదు. ఉన్నదేదో దులిపి వేసి దేవుడి మీద భారం వేశాడు. దేవుడికి కట్లెట్ల మీద ఆసక్తి లేనట్టుంది.

ఆదివారం పొద్దున్నే కొత్త పొట్లం తెచ్చి ఈసారి డబ్బాలో పోయలేదు, లుంగీ బొడ్లో దోపుకున్నాడు. భార్య చూసి నవ్వాపుకోలేక బయటికెళ్ళింది. కొలిచి కలిపాడు, కలిపి ఆగాడు. ముద్ద చేతికి అంటుకోకుండా, పగలకుండా, వేలు పెడితే గుంట పడి నిలిచేలా వచ్చింది. ఆ పాకం ఆయన వేళ్ళకి తెలుసు. బిళ్ళలు ఫ్రిజ్‌లో పెట్టి, తీసి, పెనం మీద వేసి, ఒక్కటంటే ఒక్కసారి తిప్పాడు. ఊపిరి బిగబట్టి మరీ తిప్పాడు. నిలిచింది. అంచు కూడా రాలలేదు. ఎర్రగా, గుండ్రంగా, గీత గీసినట్టు. కళ్ళలో నీళ్ళొచ్చాయంటే నమ్మండి, అది నూనె పొగ వల్ల కాదు.

అక్క చెప్పినట్టే వచ్చింది. చేతిలో సంచి ఉంది. ఆ సంచి మడత విప్పి ఉంది, ఖాళీగా ఉంది. అంటే అమ్మ చీరలు పెట్టుకెళ్ళడానికే. పళ్ళాయన సంచికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ముందు తిననీ అక్కా అన్నాడు. బల్ల మీద తెల్ల పళ్ళెం పెట్టాడు, అందులో రెండు కట్లెట్లు పెట్టాడు. చెంచా అంచుతో కోసి చూపించాడు, కోసినచోట కత్తిరించినట్టు ఉంది, పొడి రాలితే ఒట్టు. అక్క కూడా కొంచెం వంగి చూసింది. అమ్మని పిలిచాడు. ఆవిడ చెయ్యి కడుక్కొస్తానని లేచింది. వెళ్ళేముందు ఇతను అలవాటు కొద్దీ అననే అన్నాడు, అక్క చూస్తుంది, ఏదీ అమ్మా ఒక్కసారి నవ్వు అని. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చాక నవ్వుతాలే అని గొణిగింది.

వెళ్ళిన మనిషి రాదే! కట్లెట్ చల్లారిపోతోంది. పైన కరకర మెత్తబడితే ఇన్నాళ్ళ పాటూ బూడిదలో పోసినట్టే. అక్క గోడ గడియారం చూస్తోంది. పళ్ళాయన కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగి, చివరికి విసురుగా పెరటి వైపు వెళ్ళాడు. చేతులు కడుక్కోవడానికి ఇంతసేపా అని అరవబోయాడు. అద్దం ముందు అమ్మ నిలబడి ఉంది.

అద్దం కింద చిన్న సాసరులో తెల్లటి పిండి ఉంది. ఆవిడ కింది సెట్టు చేతిలో పట్టుకుని, లోపలి గాడిలో ఆ పిండిని వేలితో మెత్తి, నీళ్ళతో తడిపి, నోట్లో పెట్టుకుని అదిమింది. అద్దంలో నవ్వి చూసుకుంది. కింది వరస పైకి లేచి పక్కకి జారింది. మళ్ళీ తీసింది. మళ్ళీ పిండి మెత్తింది.

పళ్ళాయన గుమ్మం దగ్గరే ఆగి చూశాడు. ఆ గాడికీ ఆవిడ చిగురుకీ మధ్య సందు ఆయనకి అంత దూరం నుంచే కనపడింది. పళ్ళు తీయించాక చిగుళ్ళు కుంచించుకుపోతాయి, కొన్ని నెలలయ్యాక తెచ్చి చూపించండి, లోపల కొత్త పొర వేసి సరిచేస్తాను అని ఆయన ప్రతి ఒక్కరికీ చెప్పి పంపుతాడు. దారిన పోయేవాడు వచ్చి, పళ్ళ కింద మెతుకులు దూరుతున్నాయి అంటే, సెట్టు వదులైంది ఇలా ఇవ్వండి అని చెయ్యి చాపుతాడు. అదే మాట అమ్మ అంటే దుంపలు ఉడికించాడు.

ఆవిడకి అద్దంలో కొడుకు కనపడ్డాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లలా ఉలిక్కిపడింది. సెట్టు జారి బేసిన్‌లో పడి గలగలమంది.

"నువ్వే అన్నావుగా, దేన్నైనా పట్టి ఉంచుతుందని," అంది. కింది పళ్ళు లేని నోట మాట మెత్తగా వచ్చింది. "కాసేపు నిలుస్తుందిరా. నువ్వు నవ్వమన్నంతసేపు నిలిస్తే చాలనుకున్నా. నోట్లో ముద్ద పెడితే మాత్రం కరిగిపోతోంది."

"వదులైందని చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు పళ్ళాయన.

"అందరికీ మళ్ళీ రమ్మని చెబుతావుగా. నన్నెప్పుడు రమ్మంటావా అని చూస్తున్నా. నువ్వేమో ఎవరొచ్చినా ఈ పళ్ళే చూపించి మురిసిపోతున్నావు. ఏం చెప్పను?"

పళ్ళాయనకి ఎవరి మీద కోప్పడాలో తెలీలేదు. ఇన్నాళ్ళూ దుంప మీద, మైదా మీద, బేకరీ ఆయన మీద, పాపం భార్య మీద విసుక్కున్న విసుగంతా తిరిగొచ్చి తన నెత్తినే కూర్చుంది. ఛీ అనుకున్నాడు. పైకే అన్నాడు. బేసిన్‌లోంచి సెట్టు తీసి, పై సెట్టు కూడా అడిగి తీసుకుని, కుళాయి కింద ఆ పిండి పోయేదాకా కడిగి, తుడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తల్లి చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు.

అక్కతో దాచలేదు. కట్లెట్లలో ఏ లోపం లేదక్కా, నా పనిలోనే ఉంది, చూసుకోలేదు అనేశాడు. ఆ ఒక్క ముక్క అనడానికి ఆయన మొహం ఎంత నల్లబడిందో చూసి అక్క సంచి కింద పెట్టి కూర్చుంది. భార్య ఇలాంటప్పుడు ఊరుకునే మనిషి కాదు గానీ ఆరోజు ఊరుకుంది. ఖాళీ డబ్బా తీసుకొచ్చి బల్ల మీద, సరిగ్గా మొగుడి ముందు, పెట్టి వెళ్ళింది. అంతే.

అమ్మ ఇవేమీ పట్టించుకోలేదు. చెంచా తీసుకుంది. ఇన్ని రోజుల తపస్సు, ఒక్క రవ్వ రాలని ఆ రెండు కట్లెట్లనీ చెంచా వీపుతో అదిమి, చిదిపి, పొడిపొడి చేసేసింది. పక్కనున్న గ్లాసులోంచి కాసిని వేడి పాలు పోసి కలిపింది. బోసి చిగుళ్ళతో, చప్పరిస్తూ, ఆగకుండా తింది. పళ్ళెం ఖాళీ అయ్యాక తలెత్తి, ఇంకోటి ఉందా అంది.

పళ్ళాయన పళ్ళెంలో ఇంకోటి వేసి, చెప్పులేసుకున్నాడు. ఆదివారం ఆస్పత్రి మూసి ఉంటుంది గానీ వెనక గది తాళం ఆయన దగ్గరే ఉంటుంది. నువ్వు తినేసి రా అమ్మా, సెట్టుకి కొత్త పొర వెయ్యాలి అన్నాడు. ఇన్ని నెలలుగా ఆవిడ ఎదురుచూసిన మాట ఇంత ఆలస్యంగా, ఇంత చిన్నగా వచ్చింది.

అక్క ఖాళీ సంచి వైపు చూసి, తల్లి వైపు చూసింది. ఇంతకీ నాతో వస్తావా రావా అని అడిగింది.

"ఎలా వస్తానే," అంది ఆవిడ, మూతికంటిన పాలు తుడుచుకుంటూ. "పళ్ళు వాడి జేబులో ఉన్నాయిగా."

అని నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గుమ్మంలో ఆగి ఉన్న పళ్ళాయన, ఈసారి తను అడక్కుండానే నవ్విందని గమనించి, తలొంచుకుని వీధిలోకి దిగాడు.